గడ్డి పెరిగితే బెంగపడే ఊరు

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో "అక్కడ అడవి ఉందంట కదా తాతయ్యా, పులులున్నాయా?" అని అడిగారు. పులులు లేవర్రా, గొర్రెలున్నాయి. వాటి పనేమిటో చెబుతాను, చదవండి.

మీ అత్తావాళ్ల ఊరు కాల్మ్‌టౌట్. బెల్జియం ఉత్తరపు అంచున ఉంది, పొలిమేర దాటితే నెదర్లాండ్స్. చిన్న ఊరే. పొద్దున్నే చాలామంది రైలెక్కి ఆంట్‌వెర్ప్‌లో ఉద్యోగాలకు పోయి సాయంత్రానికి తిరిగొస్తారు. ఆ రైలు మార్గం 1854 నాటిది. ఊళ్లో మూడు స్టేషన్లు, ఒకదాని పేరే 'హైడ'.

హైడ అంటే ఊరి పక్కనున్న ఈ బయలు. ఇసుక నేల, హీథర్ అనే పొట్టి పొదలు, అక్కడక్కడా పైన్ చెట్లు, నీటి మడుగులు. ఆగస్టులో పొదలన్నీ ఊదారంగులో పూస్తాయి. దూరం నుంచి చూసి ఎవరో చీరలు ఆరేశారనుకున్నాను. మీ అత్త పడీ పడీ నవ్వింది.

ఇదంతా దానంతటదే మొలిచిందనుకున్నాను. కాదట. వెనకటి రైతులకు ఈ ఇసుకలో పంట సరిగా పండేది కాదు. అందుకని బయల్లో గొర్రెల్ని మేపి, పైమట్టిని వేళ్లతో సహా పెళ్లగించి కొట్టంలో పరిచేవారు. పశువుల పేడతో కలిసి అది ఎరువయ్యేది, మన పెంటపోగులాగే. దాన్ని తీసుకెళ్లి పొలంలో చల్లేవారు. అలా వందల ఏళ్లు బయలు బలమంతా పొలానికి పోయింది. అంత బీద నేలలోనూ బతకగలిగిన హీథర్ మిగిలింది.

తర్వాత మందుల ఎరువులొచ్చాయి, పెళ్లగించడం మానేశారు. పైగా బళ్ల పొగ నుంచి, పశువుల ఫారాల నుంచి నత్రజని గాలిలో కలిసి నేల మీద పడుతోంది. అదీ ఎరువే కదా! దాంతో గడ్డి ఏపుగా లేచి హీథర్‌ని కమ్మేస్తోంది. వదిలేస్తే చెట్లు మొలిచి అడవైపోతుంది. అందుకే ఇప్పుడు మిషన్లతో పైమట్టి గీకిస్తున్నారు, గొర్రెల మందల్ని తోలుతున్నారు. నేలకు బలం చాలడం లేదని మీ తాత జీవితమంతా ఏడ్చాడు. ఇక్కడేమో బలం ఎక్కువైందని ఏడుపు!

ఆ గడ్డి ఎండితే ఇంకో భయం. 2011 మే నెలలో నిప్పంటుకుని దాదాపు 600 హెక్టార్లు కాలిపోయింది. అంటే మన లెక్కలో సుమారు 1,500 ఎకరాలు. నిప్పుకు సరిహద్దు తెలియదుగా. సరిహద్దుకు రెండు వైపులా ఉన్న ఈ బయల్ని రెండు దేశాలూ కలిసి ఒకే పార్కుగా చూసుకుంటాయి.

హీథర్ పూలకు తేనెటీగలు మూగుతాయి. ఆ తేనె జెల్లీలా గట్టిగా ఉంటుంది, సీసా వంచినా తొందరగా కారదు. చెంచాతో గిరగిరా తిప్పితే మాత్రం పల్చబడుతుంది. ఒక సీసా తెస్తున్నాను. తిప్పే వంతు కోసం ఇద్దరూ కొట్టుకోకండి.

మీ తాతయ్య