సాయంత్రం సభలు సాయంత్రమే ఎందుకు మొదలయ్యాయి?

కళలు, చరిత్ర మీద ఉపన్యాసాలు పెట్టే స్థానిక సంఘాల్లో ఒక చర్చ తరచూ వస్తోంది. సభ్యుల్లో చాలామంది పెద్దవాళ్లు, చీకటి పడ్డాక బయటికి రావాలంటే ఇబ్బంది. కాబట్టి సభను పగటి పూటకు మార్చాలా, లేకపోతే ఆన్‌లైన్‌లోనే పెట్టేయాలా అని. ఇబ్బంది నిజమైనదే. అయితే ఈ సభలకు సాయంత్రం వేళ ఎలా కుదిరిందో తెలుసుకుని నిర్ణయం తీసుకుంటే మంచిది.

ఈ తరహా సంఘాల పాత చరిత్ర బ్రిటన్‌లో బాగా కనిపిస్తుంది. 1707లో లండన్‌లో పాత వస్తువులు, రాతప్రతులంటే ఇష్టమున్న ముగ్గురు మిత్రులు ఒక టావెర్న్‌లో కలుసుకున్నారు. సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్‌కు అదే మొదలు. లింకన్‌షైర్‌లోని స్పాల్డింగ్ అనే చిన్న పట్టణంలో 1710లో మారిస్ జాన్సన్ అనే లాయరు పెట్టిన సంఘం నేటికీ ఉంది. కానీ ఇవి తీరిక, డబ్బు ఉన్న మగవాళ్ల సంఘాలు. యాంటిక్వరీస్‌లో ఆడవాళ్లు సభ్యులు కావడానికి 1921 దాకా ఆగాల్సి వచ్చింది.

పగలంతా పనిచేసేవాళ్ల కోసం తలుపు తెరుచుకున్నది సాయంత్రమే. 1800 ప్రాంతంలో గ్లాస్గోలో జార్జ్ బర్క్‌బెక్ అనే యువ అధ్యాపకుడు చేతిపనివాళ్లకు విడిగా పాఠాలు మొదలుపెట్టాడు. తన పరికరాలు తయారుచేస్తున్న పనివాళ్లు అవి ఎలా పనిచేస్తాయో ఆసక్తిగా అడగడమే అందుకు కారణం. 1823లో లండన్ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ పుట్టడంలో ఆయనదే ముఖ్యపాత్ర. కూలీలకు చదువు చెబితే అదుపు తప్పుతారని అప్పట్లో గట్టి వ్యతిరేకత వచ్చింది. అయినా సంస్థ నిలబడింది, 1830లో ఆడవాళ్లనూ చేర్చుకుంది. ఆయన పేరుతో ఉన్న విశ్వవిద్యాలయం ఇప్పటికీ సాయంత్రం తరగతులకే పేరు.

ఇక్కడ తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే గురించి చెప్పాలి. కుర్రతనంలో ఆయన బుక్ బైండింగ్ షాపులో అప్రెంటిస్. పగలు పని, స్కూలు చదువు అంతంతమాత్రం. 1810లో జాన్ టాటమ్ అనే ఆయన లండన్‌లోని తన ఇంట్లో సాయంత్రాలు ఇచ్చే ఉపన్యాసాలకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఒక్కోదానికి రుసుము ఒక షిల్లింగు. ఆ డబ్బు కమ్మరి పనిచేసే అన్న రాబర్ట్ ఇచ్చేవాడు. ఫారడే అక్కడ శ్రద్ధగా నోట్సు రాసుకున్నాడు, స్నేహితులను సంపాదించుకున్నాడు, తర్వాత తానే లేచి మాట్లాడటం నేర్చుకున్నాడు. అవే ఉపన్యాసాలు మధ్యాహ్నం రెండు గంటలకు ఉండుంటే ఆ కుర్రాడు షాపు వదిలి వెళ్లగలిగేవాడు కాదు. లండన్‌లోని విజ్ఞాన సంస్థ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తన చేతికి బాధ్యత వచ్చాక, 1825లో శుక్రవారం సాయంత్రం ప్రసంగాలు ప్రారంభించింది ఆయనే. అవి నేటికీ జరుగుతున్నాయి.

మొదట్లో విషయం ఎక్కువగా సైన్సే. కళలు, చరిత్ర ముందుకు రావడానికి మరికొంత కాలం పట్టింది. 1850 ప్రాంతంలో అమెరికాలో లాంగెన్‌హైమ్ సోదరులు గాజు పలకల మీద ఫొటోలు తయారుచేశాక, మ్యాజిక్ లాంతరుతో (దీపపు వెలుగుతో గాజు మీది బొమ్మను పెద్దగా చూపే పరికరం) దూరదేశపు శిల్పాన్నో చర్చి గోడ మీది చిత్రాన్నో తెర మీద చూపించడం సాధ్యమైంది. ప్రయాణ ఖర్చులు భరించలేనివాళ్లు కూడా వాటిని చూడగలిగారు. లాంతరు బొమ్మకు చీకటి కావాలి కాబట్టి సాయంత్రం వేళ అలా కూడా కలిసొచ్చింది. కేంబ్రిడ్జ్ అధ్యాపకుడు జేమ్స్ స్టువర్ట్ 1867లో ఉత్తర ఇంగ్లండ్ పట్టణాల్లో ఆడవాళ్ల సంఘాలకు ఉపన్యాసాలిచ్చాడు. ఆ అనుభవంతోనే 1873లో విశ్వవిద్యాలయం ఊళ్లకు అధ్యాపకులను పంపడం ప్రారంభించింది. 1903లో ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జ్ దంపతులు కార్మికుల విద్యా సంఘం పెట్టారు.

1968లో ప్యాట్రీషియా ఫే చొరవతో బ్రిటన్‌లో కొన్ని స్థానిక కళా సంఘాలు కలిసి ఒక జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఇప్పుడు దాన్ని ఆర్ట్స్ సొసైటీ అంటున్నారు. దాని సంఘాల్లో చాలా చోట్ల ఉపన్యాసాలు పగటి పూటే. రిటైరైనవాళ్లకు అది హాయి. కానీ ఉద్యోగం చేసేవాళ్లు, చదువుకునేవాళ్లు సహజంగానే బయట ఉండిపోతారు. కొన్నేళ్లకు హాల్లో కుర్రవాళ్లు కనిపించడం లేదని అదే కమిటీ బాధపడుతుంది.

2020లో కోవిడ్‌తో హాళ్లు మూతపడినప్పుడు ఆన్‌లైన్ చాలా సంఘాలను నిలబెట్టింది. మంచం దిగలేని సభ్యుడికి ఇప్పటికీ అదే దారి, దాన్ని తీసేయమని ఎవరూ అనకూడదు. నా అభిప్రాయం మాత్రం ఇది: సభ సాయంత్రమే జరగాలి, పెద్దవాళ్లను తీసుకొచ్చి దింపే ఏర్పాటు సంఘమే చూడాలి, రానివాళ్లకు రికార్డింగ్ పంపాలి. పగటి పూట సభ కావాలంటే సాయంత్రం సభకు తోడుగా పెట్టుకోవచ్చు, దాని స్థానంలో వద్దు.