ఇంగ్లిష్ క్రియల చుట్టరికాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: లై, లే ఒకటే. ఏది వాడినా చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. లై అంటే పడుకోవడం, లే అంటే పడుకోబెట్టడం. మనకు లేచు-లేపు, మారు-మార్చు ఉన్నట్టే పాత ఇంగ్లిష్‌లో లిజ్జన్-లెజ్జన్ అనే జంట ఉండేది. ఇంగ్లిష్‌కూ జర్మన్‌కూ మూలమైన ప్రాచీన జర్మానిక్ భాషలో ఇలాంటి జంటలు కట్టడానికి ఒక పద్ధతి ఉంది. క్రియ భూతకాల ఏకవచన రూపాన్ని తీసుకుని చివర 'యన్' చేరిస్తే ప్రేరణార్థకం, అంటే ఆ పని చేయించే క్రియ, తయారు. వెనక వచ్చే 'య' వల్ల ముందున్న 'అ' కాస్తా 'ఎ' అయింది. తర్వాత ఆ 'య' రాలిపోయింది, 'ఎ' మాత్రం మిగిలింది. సిట్‌కు సెట్, డ్రింక్‌కు డ్రెంచ్ అలా వచ్చినవే. డ్రెంచ్ అంటే మొదట తాగించడమే, తడిపి ముద్ద చేయడం అనే అర్థం తర్వాత వచ్చింది. పశువుల నోట్లో మందు పోసి మింగించడాన్ని ఇంగ్లిష్‌లో ఇప్పటికీ డ్రెంచ్ అనే అంటారు. ఫాల్ పక్కన ఫెల్ కూడా ఈ కోవలోదే: చెట్టు తనంతట తాను కూలితే ఫాల్, మనం పడగొడితే ఫెల్.

తప్పు దొర్లేది ఎక్కడంటే, లై భూతకాలం కూడా 'లే'నే! లై-లే-లెయిన్ ఒక వరస, లే-లెయిడ్-లెయిడ్ ఇంకో వరస. క్రియను 'దేన్ని?' అని అడగండి. జవాబు దొరికితే రెండో వరస, దొరక్కపోతే మొదటిది. అందుకే 'ఐ లే డౌన్ యెస్టర్‌డే' ఒప్పు, 'ఐ లెయిడ్ డౌన్' తప్పు. అబద్ధమాడే లై (లై-లైడ్-లైడ్) వీటికి చుట్టమే కాదు, దాని ధాతువు వేరు.

అపోహ: రైజ్ నుంచి రెయిజ్ కూడా ఇంగ్లిష్‌లోనే పుట్టింది.

వాస్తవం: రైజ్‌కు ఇంగ్లిష్ ఇంట పుట్టిన ప్రేరణార్థకం రియర్. రెయిజ్ పాత నార్స్ భాషలోని 'రెయిసా' నుంచి, స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లతో చేరింది. ఒకే పాత క్రియ రెండు దారుల్లో వచ్చిందన్నమాట. ఇంగ్లిష్ దారిలో 'స' 'జ'గా, ఆపైన 'ర'గా మారింది. పెంచడం అనే అర్థం రియర్, రెయిజ్ రెండింటికీ ఉంది.

అపోహ: గో ఎలాగో మారి మారి వెంట్ అయింది.

వాస్తవం: ధ్వనులు ఎంత మారినా గో వెంట్ కాలేదు. వెంట్ అసలు వెండ్ అనే వేరే క్రియకు భూతకాలం. సెండ్-సెంట్, బెండ్-బెంట్ వరసలోనే వెండ్-వెంట్. గో పాత భూతకాల రూపం 'ఏఓడె' వాడుక తప్పిపోగా ఆ ఖాళీలోకి వెంట్ వచ్చి కూర్చుంది. వెండ్‌కేమో వెండెడ్ అనే కొత్త రూపం కట్టుకోవాల్సి వచ్చింది. ఇంకో ముచ్చట: వెండ్ కూడా ప్రేరణార్థకమే. వైండ్ మెలి తిరగడమైతే, వెండ్ తిప్పడం.

అపోహ: క్లీవ్ ఒకే మాట, దానికి చీల్చడం, అతుక్కోవడం అనే రెండు విరుద్ధార్థాలు.

వాస్తవం: రెండు మాటలు. పాత ఇంగ్లిష్‌లో చీల్చేది క్లేఒవన్, అంటిపెట్టుకునేది క్లివియన్. కాలక్రమంలో ఉచ్చారణ కలిసిపోయింది. క్లోవెన్, క్లెఫ్ట్ రూపాలు చీల్చే క్రియవే కాబట్టి అవి కనిపిస్తే అర్థంలో సందేహం అక్కర్లేదు.

అపోహ: హ్యావ్, లాటిన్ హబేరె రెండింటికీ అర్థం 'కలిగి ఉండు'. ధ్వని కూడా కలిసింది, కనుక చుట్టాలే.

వాస్తవం: ఇంత నమ్మకంగా మోసం చేసే జంట ఇంకోటి లేదేమో. జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1822లో వివరించిన ధ్వని సూత్రం ప్రకారం లాటిన్ మాట మొదట్లోని 'క' ఇంగ్లిష్‌లో 'హ'గా కనిపించాలి: కోర్నూ-హార్న్, కెంటుమ్-హండ్రెడ్. ఆ లెక్కన హ్యావ్‌కు లాటిన్ చుట్టం 'కపెరె', అంటే పట్టుకొను. హబేరెకు సరిపోయే ఇంగ్లిష్ క్రియ మాత్రం గివ్! వ్యుత్పత్తి చూసేటప్పుడు ముందు ధ్వనుల వరస కుదిరిందా అని చూడాలి, అర్థం పోలిక ఆ తర్వాతే. రెండు మాటలు మరీ ఒకేలా ఉంటే ఇంకాస్త అనుమానించాలి. అన్ని వేల ఏళ్లు విడిపోయి బతికిన మాటలు చెక్కుచెదరకుండా మిగలడం అరుదు.