గోల్డ్ కింగ్ గని: సొరంగం మూస్తే నీళ్ళు ఎటు పోయాయి?

2015 ఆగస్టు 5న అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, సిల్వర్టన్ ఊరికి ఎగువన ఉన్న గోల్డ్ కింగ్ అనే పాడుబడ్డ బంగారు గని దగ్గర ఎక్స్‌కవేటర్‌తో మట్టి తీస్తున్నారు. లోపల నిండి ఉన్న నీరు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. 30 లక్షల గ్యాలన్లు. మన 5,000 లీటర్ల ట్యాంకర్ల లెక్కలో రెండు వేల ట్యాంకర్లకు పైమాటే. ఆ నీరు సిమెంట్ క్రీక్ అనే వాగు గుండా అనిమాస్ నదిలో కలిసింది. దిగువనున్న డురాంగో అనే ఊరి దగ్గర నది నారింజ రంగుకు తిరిగింది. దిగువన న్యూ మెక్సికోలోనూ, నవాహో తెగ ప్రాంతంలోనూ పొలాలకు నీళ్ళు ఆపేయాల్సి వచ్చింది. తవ్వుతున్నది ఏ గని కంపెనీయో కాదు, కాలుష్యాన్ని అరికట్టాల్సిన కేంద్ర సంస్థ ఈపీఏ మనుషులు. అందుకే తిట్లన్నీ ఆ సంస్థకే పడ్డాయి, పడాల్సిందే కూడా. కానీ అంత నీరు ఆ గనిలోకి ఎలా చేరిందన్నది అంతకన్నా పాత కథ.

ఆ కొండల రాతిలో పైరైట్ ఎక్కువ. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం అది. గాలి, నీరు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాతిలోని జింక్, కాడ్మియం, రాగి, సీసాలను కరిగించుకుని బయటికొస్తుంది. నిజానికి గనులు రాకముందు కూడా సిమెంట్ క్రీక్ నీళ్ళు పుల్లగానే ఉండేవి. 1870ల నుంచి కొండ నిండా సొరంగాలు తవ్వడంతో, గాలీ నీరూ లోతుల్లోకి పోవడానికి వేల దారులు ఏర్పడ్డాయి. గోల్డ్ కింగ్ కూడా వాటిలో ఒకటి. 1887లో మొదలై 1920ల్లో ఆగిపోయింది.

ఆ గనికి కింద అమెరికన్ టన్నెల్ అనే ఇంకో సొరంగం ఉంది. దాన్ని 1960 ప్రాంతంలో పొడిగించి, పక్క కొండలోని పెద్ద గని సన్నీసైడ్ కిందికి తీసుకెళ్ళారు. ఖనిజం బయటికి తేవడానికి, గనిలో ఊరే నీటిని పంపులు లేకుండా దించేయడానికి అది పనికొచ్చింది. చుట్టుపక్కల కొండల నీరంతా అటే జారింది. పైనున్న గోల్డ్ కింగ్ దాదాపు ఎండిపోయింది. ఇప్పటి గొడవకంతా మూలం ఇక్కడుంది: ఆ పొడితనం గోల్డ్ కింగ్‌ది కాదు, కింది సొరంగం పుణ్యమా అని వచ్చింది.

1978 జూన్ 4న సన్నీసైడ్ పైనున్న లేక్ ఎమ్మా అనే సరస్సు అడుగు కూలి, సరస్సంతా గనిలోకి దిగి అమెరికన్ టన్నెల్ గుండా బయటికొచ్చింది. ఆదివారం కావడంతో లోపల ఎవరూ లేరు.

1991లో సన్నీసైడ్ మూతపడింది. సొరంగం నుంచి నీరు మాత్రం ఆగదు కదా. సొరంగం బయట, గ్లాడ్‌స్టోన్ అనే చోట కంపెనీ ఒక శుద్ధి ప్లాంటు నడుపుతుండేది. నీటిలో సున్నం కలిపితే ఆమ్లం విరిగి, లోహాలు మడ్డిగా అడుగుకు చేరతాయి. పద్ధతి సులువే కానీ దానికి అంతం లేదు. నీరు వచ్చినన్నాళ్ళూ సున్నం కొనాలి, మడ్డి ఎత్తిపోయాలి. ఈ భారం నుంచి కంపెనీ బయటపడాలనుకుంది. ప్రభుత్వంతో కోర్టు దాకా వెళ్ళి, 1996లో రాజీ కుదుర్చుకుంది. సొరంగంలో కాంక్రీటు అడ్డుగోడలు కట్టాలి, చుట్టుపక్కల కొన్ని పాత గనుల కాలుష్యాన్ని కూడా శుభ్రం చేయాలి, సిల్వర్టన్ దిగువన నదిలో జింక్ పెరగకూడదు. అలా చేస్తే విముక్తి.

ఈ ఆలోచనను కొట్టిపారేయలేం. లోపల నీరు నిండితే పైరైట్‌కు గాలి అందదు, కొత్త ఆమ్లం పుట్టడం తగ్గుతుంది. 1996 నుంచి 2002 లోగా అమెరికన్ టన్నెల్‌లో మూడు అడ్డుగోడలు కట్టారు. తర్వాత ప్లాంటు ఒక చిన్న కంపెనీ చేతికి పోయింది. డబ్బు చాలక, స్థలం తగాదాలతో 2004 ప్రాంతంలో ఆగిపోయింది. నా దృష్టిలో అసలు తప్పు ఇదే. నీరు ఎటు తిరుగుతుందో తేలకముందే ప్లాంటును అంత బలహీనమైన చేతుల్లో పెట్టారు.

కొండలో నీటిమట్టం పెరిగింది. ఎండిపోయిన గోల్డ్ కింగ్ ఏడో లెవెల్ (గనిలో ఒక అంతస్తు) నుంచి ఎర్రటి నీరు మొదలైంది. ఆ నీరు తమ గనిది కాదని సన్నీసైడ్ యజమానులు ఎప్పుడూ వాదిస్తూనే వచ్చారు. అనిమాస్‌లో సిల్వర్టన్ దిగువన ట్రౌట్ చేపలు మాత్రం తగ్గిపోయాయి.

2009లో రాష్ట్ర అధికారులు కూలుతున్న గోల్డ్ కింగ్ ద్వారాన్ని పూడ్చి, నీటికి పైపులు పెట్టారు. మట్టి వెనక నీరు పేరుకుంది. 2015లో ఈపీఏ బృందం లోపల నీరు సగమే ఉందనుకుని తవ్వింది. పక్కనున్న రెడ్ అండ్ బొనీటా గని దగ్గర ముందుగా పైనుంచి బోరు వేసి నీటి ఒత్తిడి కొలిచారు. ఇక్కడ ఆ పని చేయలేదని, ప్రమాదాన్ని పరిశీలించిన కేంద్ర జలవనరుల సంస్థ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ అదే ఏడాది అక్టోబరు నివేదికలో రాసింది.

టూరిస్టులు రారన్న భయంతో సూపర్‌ఫండ్ (బాగా కలుషితమై, కేంద్రం శుభ్రం చేయించాల్సిన చోట్ల జాబితా) ముద్ర వద్దని ఏళ్ళ తరబడి అన్న సిల్వర్టన్ జనం చివరికి ఒప్పుకున్నారు. 2016 సెప్టెంబరులో 48 చోట్లను కలిపి ఆ జాబితాలో చేర్చారు. దావాల్లో పరిహారంగా ఈపీఏ 2022లో న్యూ మెక్సికోకు 3.2 కోట్ల డాలర్లు, నవాహో తెగకు 3.1 కోట్లు ఇవ్వడానికి అంగీకరించింది. ఆ ప్రాంతం బాగుచేతకు సన్నీసైడ్ కంపెనీ, దాని మాతృసంస్థ కిన్‌రాస్ కలిసి 4.5 కోట్లు, కేంద్ర ప్రభుత్వం ఇంకో 4.5 కోట్లు పెట్టాలని అదే ఏడాది ఒప్పందం కుదిరింది.

ప్రమాదం జరిగిన రెండు నెలలకే గ్లాడ్‌స్టోన్‌లో మళ్ళీ సున్నం ప్లాంటు పెట్టి గోల్డ్ కింగ్ నీటిని శుద్ధి చేయడం మొదలుపెట్టారు. రెడ్ అండ్ బొనీటాలో కూడా 2015లోనే అడ్డుగోడ పూర్తయింది. దాని వాల్వు మూయడానికి మాత్రం ఈపీఏ తొందరపడలేదు. మూస్తే ఆ నీరు ఏ గని నోట్లోంచి వస్తుందో ముందు తేల్చుకోవాల్సి వచ్చింది.