శాతాల నుంచి తీర్మానాలు: అపోహలు – వాస్తవాలు

గ్రూప్స్, బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ బోధిస్తున్న నాకు, లెక్కల్లో గట్టివారైన అభ్యర్థులు కూడా ‘ప్రకటన – తీర్మానం’ ప్రశ్నల (ఇచ్చిన ప్రకటన నుంచి ఒక తీర్మానం కచ్చితంగా వస్తుందో లేదో తేల్చమనే ప్రశ్నల) దగ్గర మార్కులు పోగొట్టుకోవడం తరచూ కనిపిస్తుంది. వారిని దారి తప్పించేది లెక్క కాదు, ఈ కింది నమ్మకాలే.

అపోహ: అక్షరాస్యత రేటు పెరిగిందంటే నిరక్షరాస్యుల సంఖ్య తగ్గినట్టే.

వాస్తవం: జనాభా ఎంతో తెలియకుండా రేటు నుంచి సంఖ్యను తేల్చలేము. మన జనగణనే ఇందుకు సాక్ష్యం. 1981లో 43.57 శాతంగా ఉన్న అక్షరాస్యత 1991 నాటికి 52.21 శాతానికి చేరినా, ఏడేళ్లు, ఆపై వయసున్న జనాభా బాగా పెరిగినందువల్ల ఆ దశాబ్దంలో నిరక్షరాస్యుల సంఖ్య కూడా పెరిగింది. 2001లో రేటు 64.83 శాతానికి చేరేసరికి మాత్రం ఆ సంఖ్య తగ్గింది. అందువల్ల 1991, 2001 రేట్లు మాత్రమే ఇచ్చి ‘నిరక్షరాస్యుల సంఖ్య తగ్గింది’ అని తీర్మానం ఇస్తే, అది వాస్తవంలో నిజమే అయినా ఆ ప్రకటన నుంచి రాదు. నిజం కావడం వేరు, ఇచ్చిన సమాచారం నుంచి రావడం వేరు; ఈ తేడా మనసులో స్థిరపడనిదే ఎన్ని మాక్ టెస్టులు రాసినా ప్రయోజనం ఉండదని నా దృఢమైన అభిప్రాయం.

అపోహ: సమాచారం అరకొరగా ఉంటే ‘నిర్ధారించలేము’ అని గుర్తించడమే క్షేమం.

వాస్తవం: ఒక కాలనీలో 70 శాతం ఇళ్లలో ఫ్రిజ్, 60 శాతం ఇళ్లలో వాషింగ్ మెషీన్ ఉన్నాయనుకుందాం. రెండూ ఉన్న ఇళ్లు ఎన్నని అడిగితే చాలామంది హెచ్చవేసి 42 శాతం అంటారు. కానీ ఒకటి ఉండటానికీ మరొకటి ఉండటానికీ సంబంధం లేదని ప్రశ్నలో ఎక్కడా చెప్పలేదు. ఫ్రిజ్ లేని ఇళ్లు 30 శాతమే కాబట్టి, వాటన్నింటిలో వాషింగ్ మెషీన్ ఉన్నా, మెషీన్ ఉన్న మిగిలిన 30 శాతం ఇళ్లు ఫ్రిజ్ ఉన్నవే అయి ఉండాలి. రెండూ ఉన్న ఇళ్లు కనీసం 30, గరిష్ఠంగా 60 శాతం. కనుక ‘కనీసం నాలుగోవంతు ఇళ్లలో రెండూ ఉన్నాయి’ అన్నది కచ్చితంగా వచ్చే తీర్మానం. ‘సగానికి పైగా ఇళ్లలో రెండూ ఉన్నాయి’ అన్నదానికే ‘నిర్ధారించలేము’ సరైన జవాబు.

అపోహ: బాలుర సగటు 60, బాలికల సగటు 70 అయితే తరగతి సగటు 65.

వాస్తవం: ఇద్దరి సంఖ్యా సమానమైతేనే అది 65 అవుతుంది. తరగతి సగటు 68 అని ఇస్తే మాత్రం, సంఖ్యలు తెలియకపోయినా, బాలురకు నాలుగింతల మంది బాలికలున్నారని తేల్చవచ్చు.