పాత కారుకి అదనపు లైట్లు: షాపులో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

పాత కారు తీసుకొచ్చి ఫాగ్ లైట్లు పెట్టమని అడిగేవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది ఫాగ్ లైట్లు కాదు, ఉన్న హెడ్‌లైటుకి కరెంటు సరిగ్గా అందడం. ఇలా చెప్పి వచ్చిన బేరం పోగొట్టుకుంటున్నానని పక్క షాపువాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. నేను ముందు వోల్టేజి కొలిచే మీటరు పెట్టి చూపిస్తాను, ఆ తర్వాతే లైట్ల సంగతి. మారుతి 800, జెన్, ఎస్టీమ్, అంబాసిడర్, పాత సుమో... ఏ బండి వచ్చినా దాంతో పాటు వచ్చే మాటలు ఇంచుమించు ఇవే.

అపోహ: హెడ్‌లైటు డల్‌గా ఉంటే ఎక్కువ వాట్ల బల్బు వేస్తే సరి.

హెచ్4 బల్బు (హై, లో రెండూ ఒకదాంట్లోనే ఉండే హెడ్‌లైటు బల్బు) అసలు రేటింగ్ 60/55 వాట్లు, అంటే హైకి 60, లో బీమ్‌కి 55. బజార్లో 100/90 కూడా దొరుకుతుంది కాబట్టి అందరి కళ్లూ దాని మీదే. హై బీమ్‌లో 60 వాట్ల బల్బులు రెండూ కలిపి 10 ఆంపియర్లు లాగితే, 100 వాట్లవి 16కి పైగా లాగుతాయి. పాత కార్లలో చాలావాటికి హెడ్‌లైటు రిలే (లోపలి కాయిల్‌కి చిన్న కరెంటు ఇస్తే పెద్ద కరెంటుని కలిపే స్విచ్) ఉండదు. ఆ కరెంటంతా స్టీరింగ్ కింది కాంబినేషన్ స్విచ్ గుండానే పోవాలి. దాంతో ముందు స్విచ్ పాయింట్లు కాలతాయి, తర్వాత బల్బు హోల్డరు కరుగుతుంది, వేడికి రిఫ్లెక్టర్ పూత మసకబారుతుంది. పోనీ వెలుగైనా అనుకున్నంత పెరుగుతుందా అంటే అదీ లేదు. కరెంటు పెరిగేకొద్దీ ఆ సన్నటి వైరులోనే వోల్టేజి ఇంకా పడిపోతుంది.

అసలు కిటుకు ఈ వోల్టేజి దగ్గరే ఉంది. హాలోజన్ బల్బుకి వోల్టేజి 5 శాతం తగ్గితే వెలుగు సుమారు 15 శాతం తగ్గుతుంది. 10 శాతం తగ్గితే దాదాపు 30 శాతం పోతుంది. ఈ పరీక్ష ఇంట్లో మీరే చేసుకోవచ్చు. ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు వెలుగుతూ ఉండగా బ్యాటరీ టెర్మినల్స్ మీద మీటరు పెట్టండి. 14 వోల్టుల దగ్గర చూపించాలి. ఇప్పుడు బల్బు వెనక కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) దగ్గర చూడండి. కప్లర్ బల్బుకి తగిలించి ఉండగానే చూడాలి సుమా. పీకేసి కొలిస్తే లోడు ఉండదు కాబట్టి రీడింగు నిండుగా కనిపించి మోసం చేస్తుంది. అక్కడ 12 కూడా రాలేదంటే ఏ బల్బు కొన్నా డబ్బు దండగ.

దీనికి మందు రెండు రిలేలు, ఒకటి హై బీమ్‌కి, ఒకటి లో బీమ్‌కి. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. రిలే 30వ పిన్నుకి బ్యాటరీ, 87కి బల్బు, 85-86 కాయిల్‌కి. పాత వైరింగు ఇకపై కాయిల్‌ని పనిచేయించడానికే, అంటే స్విచ్ మీద ఒక ఆంపియర్ కూడా పడదు. ఒక జాగ్రత్త: జపాన్ డిజైన్‌తో వచ్చిన కొన్ని బండ్లలో స్విచ్ ప్లస్‌ని కాకుండా ఎర్త్‌ని (బాడీ ద్వారా వెళ్లే మైనస్‌ని) కలుపుతుంది. టెస్ట్ లాంప్‌తో చూసుకోకుండా రెడీమేడ్ కిట్ తగిలిస్తే అది పనిచెయ్యదు, తప్పు కిట్ మీద పెడతారు.

ఇంత చేశాక సగంమంది ఫాగ్ లైట్ల మాటే మర్చిపోతారు.

అపోహ: బాడీ అంతా ఇనుమే కదా, ఎర్త్ ఎక్కడ బిగిస్తే ఏంటి?

పాతికేళ్ల కారులో ఒక రేకుకీ ఇంకో రేకుకీ మధ్య తుప్పు ఉంటుంది, పెయింటు ఉంటుంది, డెంటింగ్‌వాళ్లు పూసిన పుట్టీ ఉంటుంది. లైటు వెలుగుతుండగా బల్బు ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మీటరు పెడితే 0.2 వోల్టు దాటకూడదు. ఇండికేటర్ వేసినప్పుడు పార్కింగ్ లైటు కూడా దాంతో పాటు మినుకుమంటుంటే మీటరు కూడా అక్కర్లేదు, ఎర్త్ పోయినట్టే. అదనపు లైట్లకి ఎర్త్ వైరు కూడా ప్లస్ వైరంత లావుది వేసి, బ్యాటరీ మైనస్ దాకా లాగడమే నా పద్ధతి.

అపోహ: పసుపు లైటు పొగమంచుని చీల్చుకుపోతుంది.

ఇది బాగా పాతుకుపోయింది. మంచు బిందువులు కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు పెద్దవి, కాబట్టి అన్ని రంగుల్నీ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. ఫ్రాన్సులో 1930ల నుంచి 1993 దాకా కార్లకి పసుపు హెడ్‌లైట్లే ఉండాలన్న నిబంధన ఉండేది, ఈ నమ్మకానికి కొంత బలం అక్కడి నుంచే వచ్చింది. పసుపులో నీలం తగ్గుతుంది కాబట్టి కొందరి కళ్లకి హాయిగా ఉంటుంది, అంతే. తెల్ల బల్బు మీద పసుపు పేపరు అంటిస్తే మాత్రం ఉన్న వెలుగులో కొంత అక్కడే ఆగిపోతుంది.

మంచులో పనిచేసేది రంగు కాదు, బీమ్ ఆకారం. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి దారిలో హై బీమ్ వేసి చూడండి, ముందు తెల్లగోడ నిలబడినట్టుంటుంది. వెలుతురు మంచు మీద పడి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. మంచి ఫాగ్ లాంప్ బీమ్ వెడల్పుగా, కిందికి ఉంటుంది. పై అంచు గీత గీసినట్టు తెగిపోతుంది. అందుకే దాన్ని కింద బిగించాలి. ఐరోపా నిబంధనల్లో కార్లకి ఈ ఎత్తు నేల నుంచి 250 నుంచి 800 మిల్లీమీటర్లు. టాప్ మోడల్‌కి కంపెనీయే ఫాగ్ లాంప్ ఇచ్చి ఉంటే, కింది మోడల్ బంపర్‌లో కూడా దానికి చోటు ఉండొచ్చు. దానికంటే మంచి చోటు వెతకక్కర్లేదు.

అపోహ: పైకప్పు మీద ఎల్ఈడీ బార్ ఉంటే ఏ రోడ్డైనా పగలే.

ముందు బానెట్ మెరిసి మన కళ్లకే కొడుతుంది. మంచులో ఇంకా ఘోరం. ఎదుటివాడి సంగతి చెప్పక్కర్లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వది ముందువైపు స్పాట్ లైట్, సెర్చ్ లైట్ వాడకాన్నే నిషేధిస్తుంది, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. తోటలో, పొలంలో వాడుకుంటానంటే సరే, రోడ్డెక్కేటప్పుడు కవరు వెయ్యండి.

హాలోజన్ హెడ్‌లైటులో ఎల్ఈడీ, హెచ్ఐడీ (ఫిలమెంట్ లేకుండా గ్యాసుతో వెలిగే) బల్బులు దూర్చడమూ ఇలాంటిదే. రిఫ్లెక్టర్‌ని ఫిలమెంట్ ఉండే చోటుకి లెక్కగట్టి చేస్తారు. వెలుగు పుట్టే చోటు కాస్త జరిగినా బీమ్ చెదిరిపోతుంది. కారు ముందు పది అడుగులు ధగధగలాడుతుంది, దూరం చీకటిగానే ఉంటుంది.

అపోహ: ఫ్యూజు ఊరికే పోతోందా? పెద్దది వెయ్యి.

సిగరెట్ పెట్టెలోని వెండి కాయితం చుట్టిన ఫ్యూజులు ఇప్పటికీ చూస్తున్నాను. ఫ్యూజు ఉన్నది లైటుని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. 55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు 9 ఆంపియర్ల పైచిలుకు లాగుతాయి, 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అదీ పోతోందంటే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోందన్నమాట. రేడియేటర్ పక్కన, గ్రోమెట్ (రబ్బరు రింగు) లేకుండా రేకు రంధ్రంలోంచి లాగినచోట ముందు వెతకండి.

ఫాగ్ లైటు కిట్లతో వచ్చే సన్నవైరు సంగతి కూడా చెప్పాలి. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు నాలుగు మీటర్లు లాగి ఆ రెండు లైట్లు వెలిగిస్తే వైరులోనే 0.9 వోల్టు దాకా పోతుంది. అంటే వెలుగులో ఐదో వంతు పైనే. 2.5 వైరులో పోయేది పావు వోల్టే.

అపోహ: అదనపు లైటు పెట్టడమే నేరం. లేదా, ఏది పెట్టినా ఎవరూ అడగరు.

రెండూ తప్పే. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేదీ అదే. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన ఫాగ్ లాంపే, దాని చోటులోనే పెట్టుకుంటే గొడవకి అవకాశం తక్కువ. ముందువైపు ఎరుపు, నీలం మిణుకు లైట్లు అడిగితే నేను పెట్టను.

అపోహ: ఇంజిన్ ఆన్‌లో ఉంటే బ్యాటరీకి భయం లేదు.

బ్యాటరీని చార్జ్ చెయ్యడానికి ఆల్టర్నేటర్ ఉన్న బండిలో చాలావరకు నిజమే. డైనమో ఉన్న పాత అంబాసిడర్‌లో కాదు. ఐడిల్‌లో డైనమో దాదాపు చార్జ్ చెయ్యదు. రైల్వే గేటు దగ్గర అన్ని లైట్లూ వేసుకుని నిలబడితే ఖర్చంతా బ్యాటరీదే. అలాంటి బండికి తక్కువ వాట్ల ఎల్ఈడీ ఫాగ్ లాంపే మేలు, బీమ్ సరైనదైతే.

బిగించాక చెయ్యాల్సినవి రెండున్నాయి. బండిని చదునైన చోట గోడకి 25 అడుగుల దూరంలో నిలిపి, ఫాగ్ లైటు బీమ్ పై అంచు లాంప్ మధ్య ఎత్తుకంటే 10 సెంటీమీటర్లు కిందికి వచ్చేలా తిప్పి బిగించాలి, మామూలుగా ఎంతమంది ఎక్కుతారో అంతమందిని కూర్చోబెట్టి మరీ. రెండోది, ఫాగ్ లైటు రిలే కాయిల్‌కి ఫీడ్ బ్యాటరీ నుంచి కాకుండా పార్కింగ్ లైటు వైరు నుంచి ఇవ్వాలి. పార్కింగ్ ఆపగానే ఫాగ్ లైట్లూ ఆరిపోతాయి, పొద్దున్నే బండి తోయించుకునే పని ఉండదు.