గాడిదకు గుర్రం మోతాదు: ఈ లెక్క ఎక్కడ మొదలైంది?

నొప్పి తగ్గించే ఇంజెక్షన్ సీసా మీద అంటించిన చీటీలో గుర్రాలు, ఆవులు, పందులు అని వరసగా ఉంటుంది. ఏ జంతువుకు కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకోసారి అన్నది పక్కనే రాసి ఉంటుంది. గాడిద పేరు మాత్రం చాలా చీటీల్లో కనిపించదు. ఎదురుగా గాడిద నిలబడి ఉంది, మందు ఇవ్వక తప్పదు. పశువైద్యుడు గుర్రం వరసలోని అంకెను తీసుకుని గాడిద బరువుతో హెచ్చవేస్తాడు. తరతరాలుగా జరుగుతూ వచ్చింది ఇదే.

ఈ అలవాటు వెనుక పెద్ద చరిత్రే ఉంది. ఆధునిక పశువైద్య విద్య 1762లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో మొదలైంది. ఆ కళాశాల పెట్టిన క్లాడ్ బూర్జెలా అంతకుముందు గుర్రపుస్వారీ నేర్పే విద్యాలయాన్ని నడిపినవాడు. 1791లో లండన్‌లో స్థాపించిన కళాశాల దృష్టీ ప్రధానంగా గుర్రం మీదే. సైన్యానికీ, బండ్లకూ, పందేలకూ గుర్రమే కావాలి కాబట్టి పాఠాలూ దాని చుట్టూనే అల్లుకున్నాయి. గాడిదను పెంచేవాడికి వైద్యుడిని పిలిపించే స్తోమత ఉండేది కాదు. మందుల కంపెనీల లెక్కా ఇంతే. ఒక్కో జంతువు మీద విడిగా పరీక్షలు జరిపించాలంటే బోలెడు ఖర్చు. ఆ ఖర్చు పందెపు గుర్రం మీద తిరిగొస్తుంది, బరువులు మోసే గాడిద మీద రాదు. 1949లో మనుషుల కీళ్ల నొప్పులకు వచ్చిన ఫినైల్‌బ్యూటజోన్ కూడా తర్వాత గుర్రపుశాలకే చేరింది. గాడిదకు దక్కింది గుర్రం కోసం కట్టిన మోతాదు.

అయితే గాడిద పొట్టి గుర్రం కాదు. ఆఫ్రికా అడవి గాడిద నుంచి దాదాపు 7 వేల ఏళ్ల కిందట మచ్చికైన జంతువు అది. గుర్రానికి 64 క్రోమోజోములుంటే దానికి 62. ఎడారిలో బతకడానికి తయారైన ఒళ్లు కాబట్టి నీటిని దాచుకునే తీరూ వేరే. గుర్రంలో ఒంట్లో నీరు తగ్గిందని చెప్పే రక్తపరీక్ష గాడిద విషయంలో మోసం చేస్తుంది: సుమారు 12 నుంచి 15 శాతం దాకా నీరు పోయినా రక్తం చిక్కబడినట్టు కనిపించకపోవచ్చు. ఇక కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైముల వేగం కూడా గుర్రంతో సరిపోలదు.

ఈ తేడాను అంకెల్లో పట్టుకునే పని 1990లలో ఊపందుకుంది. అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇందులో ముందున్నారు. ఫినైల్‌బ్యూటజోన్‌ను గాడిద ఒళ్లు గుర్రం కంటే ఎన్నో రెట్లు వేగంగా వదిలించుకుంటుందని తేలింది. మరో నొప్పి మందు ఫ్లూనిక్సిన్‌దీ అదే దారి. గుర్రానికి రోజుకోసారి సరిపోయే మందు గాడిదకు 12 గంటలకోసారి కావాల్సి రావచ్చు. రక్తనాళంలోకి ఇచ్చిన మెలాక్సికామ్ అనే నొప్పి మందు మరీ చిత్రం. గుర్రంలో సగం తగ్గడానికి కొన్ని గంటలు పట్టే మందు గాడిదలో గంట తిరిగేసరికే సగమైపోతుంది. అలాగని గాడిదకు అన్నీ తరచుగా ఇస్తే సరిపోతుందనుకుంటే పప్పులో కాలేసినట్టే. కార్ప్రొఫెన్ అనే నొప్పి మందు దాని ఒంట్లో గుర్రంలో కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. మత్తుకు వాడే గ్వాయిఫెనెసిన్ అయితే గుర్రానికి ఇచ్చేదానికన్నా తక్కువలోనే గాడిదను పడుకోబెడుతుంది. అతిగా ఎక్కితే ఊపిరికే ముప్పు. నులిపురుగుల మందు ఐవర్‌మెక్టిన్‌కు మాత్రం రెండింటికీ కిలోకు 0.2 మిల్లీగ్రాముల మోతాదే వాడుకలో ఉంది. ఏ మందుకు ఆ మందు విడిగా చూసుకోవాల్సిందే. ఒక్క సూత్రంతో తేలే వ్యవహారం కాదిది.

మరి ఇన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ ఎందుకు పట్టలేదు? నా ఉద్దేశంలో జవాబు గాడిద స్వభావంలోనే ఉంది. కడుపునొప్పి వస్తే గుర్రం నేల మీద పడి దొర్లుతుంది, పొట్ట వైపు తిరిగి తిరిగి చూస్తుంది. గాడిద తల వంచుకుని ఒక మూల నిలబడుతుంది, మేత మానేస్తుంది, అంతే. నొప్పి మందు ప్రభావం మధ్యాహ్నానికే దిగిపోయినా అది గోల చేయదు. యజమానేమో మందు పనిచేసిందనుకుంటాడు. అసలు ప్రమాదం ఆ మౌనంలోనే. మేత మానేసిన గాడిదకు, ముఖ్యంగా ఒళ్లు చేసినదానికి, కొద్ది రోజుల్లోనే రక్తంలో కొవ్వు విపరీతంగా పెరిగి కాలేయం దెబ్బతింటుంది. మొదటి జబ్బు కంటే ఇదే ప్రాణం మీదికి తెస్తుంది.

మోతాదు సరైనదే అయినా బరువు తప్పితే లెక్కంతా తప్పుతుంది. గుర్రాల కోసం బరువులు అచ్చేసిన కొలత పట్టీ గాడిదకు నప్పదు. 1969లో ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ స్వెండ్‌సెన్ స్థాపించిన డాంకీ శాంక్చురీ అనే గాడిదల సంరక్షణ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి తేలికైనది. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత, భుజాల దగ్గర ఎత్తు తీసుకోవాలి. కాగితం మీద మూడు నిలువు గీతలుంటాయి. అటు చివరి గీత మీది చుట్టుకొలతనూ ఇటు చివరి గీత మీది ఎత్తునూ కలుపుతూ స్కేలు పెడితే, అది నడిమి గీతను తాకిన చోట ఉన్న అంకే బరువు. తూకం యంత్రం లేని చోట కంటి అంచనా కంటే ఇది ఎంతో నయం. అంచనా తగ్గి నులిపురుగుల మందు చాలీచాలకుండా ఇస్తే, తట్టుకున్న పురుగులే మిగిలి వాటి సంతతే పెరుగుతుంది.

ఇంతా చేసి గాడిద లెక్కలు పుస్తకాలకెక్కాక కంచర గాడిద అడ్డం తిరిగింది. తల్లి గుర్రం, తండ్రి గాడిద. మత్తుమందు జైలజీన్ దీనికి గుర్రం మోతాదు కంటే దాదాపు సగం ఎక్కువ కావాల్సి వస్తుందని వైద్యుల అనుభవం. అదీ బెదరకుండా ఉంటేనే. ఒకసారి బెదిరితే మత్తు సరిగా ఎక్కదు. అందుకే తెలిసిన వైద్యుడు సిరంజి బయటికి తీయకముందే కాసేపు దాని పక్కన ఊరికే నిలబడతాడు.