ఎర్మిటాజ్ కొండ: ఆ పేరు మీద హక్కు ఎవరిది?

ఎర్మిటాజ్ అన్న పేరుతో అమ్మే వైన్‌ను ఏ నేలలో పండిన ద్రాక్షతో చేయాలన్న ప్రశ్నకు ఫ్రెంచి చట్టంలో నేడు స్పష్టమైన జవాబు ఉంది. లియోన్ నగరానికి దక్షిణాన, రోన్ నది ఎడమ గట్టున, టాన్ పట్టణాన్ని ఆనుకుని లేచిన ఒకే ఒక కొండవాలు ఆ పేరుకు హక్కుదారు. దాని విస్తీర్ణం సుమారు 135 హెక్టార్లు, అంటే మన లెక్కలో 335 ఎకరాలకు అటూఇటూ. ఈ హద్దు 1937లో పడింది. అంతకు ముందు చాలా కాలం పాటు ఆ కొండ వైన్, ఆ తరవాత దాని పేరు కూడా ఇతరుల సరుకుకు అక్కరకు వచ్చాయి. హద్దు పడ్డాక ఆ వాదం రూపు మార్చుకుని కొండ లోపలికి చేరింది.

కొండ ఒకటే అయినా నేల ఒకటి కాదు. పడమటి కొసన ఉన్న బెస్సార్ అనే భాగమంతా గ్రానైట్. నిజానికి ఆ రాయి నదికి అవతలి గట్టున ఉన్న మధ్య ఫ్రాన్స్ పర్వతశ్రేణికి చెందినది. రోన్ నది కోసుకుంటూ పోయిన దారి వల్ల ఒక ముక్క ఇవతల మిగిలిపోయింది. దాని పక్కనే ఉన్న మెయాల్‌లో ప్రాచీన నదీప్రవాహం వదిలి వెళ్లిన గులకరాళ్లు పరుచుకుని ఉంటాయి, పగలంతా కాగి ఆ వేడిని తీగకు అందిస్తాయి. దిగువన గ్రెఫియోలో పైనుంచి కొట్టుకొచ్చిన బంకమట్టి ఎక్కువ. తూర్పుకు పోయేకొద్దీ సున్నపు పాలు, బంక పాలు పెరుగుతాయి. తెల్లవైన్‌కు వాడే మార్సాన్, రూసాన్ రకాలకు ఆ వైపు పేరుంది. ఎర్రవైన్‌కు మూలం సిరా అనే ఒకే రకం. బెస్సార్ సిరా బిగువుగా, వగరుగా, ఏళ్ల తరబడి నిలిచేలా వస్తుందనీ, మెయాల్‌ది పండుతనం నిండి మెత్తగా ఉంటుందనీ అక్కడి రైతులు చెబుతారు.

ఈ వాలు మీద మనకు తెలిసిన ద్రాక్ష పందిళ్లు కనిపించవు. ఒక్కో తీగను ఒక్కో గుంజకు కట్టి నిలబెడతారు. మెట్లుమెట్లుగా కట్టిన రాతిగోడలే మట్టిని పట్టి ఉంచుతాయి. పెద్ద వాన పడితే మట్టి కిందికి జారుతుంది, దాన్ని మళ్లీ పైకి మోసుకుపోయి తీగల మొదళ్లలో పోయాలి. నిటారు భాగాల్లో ట్రాక్టరు ఎక్కదు, కోత చేతులతోనే. ఈ కొండ వైన్ల ధర చూసి నోరు వెళ్లబెట్టేవారు ఈ కూలి ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి.

ఫ్రెంచిలో ఎర్మిటాజ్ అంటే ఏకాంతవాసి కుటీరం. కొండకు ఆ పేరు రావడం వెనుక ఒక కథ ఉంది. దక్షిణ ఫ్రాన్స్‌లో కథార్ మతశాఖ మీద జరిగిన యుద్ధంలో గాయపడిన గాస్పార్ ద స్తెరింబెర్గ్ అనే యోధుడు 1224లో రాణి అనుమతితో ఈ కొండ మీద ఏకాంతవాసం చేపట్టాడని, తోట నాటాడని చెబుతారు. సిరా తీగ పర్షియాలోని షిరాజ్ నుంచి వచ్చిందన్నది మరో ప్రచారం. 1998లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన ఈ రెండో కథను తోసిపుచ్చింది: సిరాకు తల్లిదండ్రులు దురేజా, మోందూజ్ బ్లాంష్ అనే ఆగ్నేయ ఫ్రాన్స్ రకాలే. యోధుడి కథకు అటువంటి పరీక్ష లేదు కాబట్టి అది సీసాల లేబుళ్ల మీద నిశ్చింతగా బతుకుతోంది.

18వ శతాబ్దానికి ఈ వైన్ ఖ్యాతి ఖండాంతరాలు దాటింది. అప్పటి అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ 1787లో టాన్‌కు వచ్చాడు, ఇక్కడి తెల్లవైన్‌ను ఎంతో మెచ్చుకున్నాడు. అయితే కొండకు ఎక్కువ గిరాకీ మరో దారిలో వచ్చింది. నైరుతి ఫ్రాన్స్‌లోని వైన్ ప్రాంతమైన బోర్డో వర్తకులు, చల్లని ఏళ్లలో తమ వైన్ పలచబడినప్పుడు, రంగూ బలమూ చేకూర్చడానికి ఎర్మిటాజ్ ఎర్రవైన్‌ను కలిపేవారు. అది గుట్టుగా సాగిన కల్తీ కాదు. ఇంగ్లండు కొనుగోలుదారులు అలా కలిపినదాన్నే ఇష్టపడి అడిగేవారు. 1795 నాటి లాఫిట్ అనే పేరున్న బోర్డో తోట వైన్‌లో ఎర్మిటాజ్ కలిపినదే ఆ ఏటి వైన్లన్నిటిలో ఎక్కువ మెప్పు పొందిందని బోర్డో వర్తకుల ఉత్తరాల్లో ఉంది. ఇంకొకరి ఇంటిపేరుతో సీసాకెక్కడం గౌరవమో అవమానమో అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు, డబ్బు బాగానే వచ్చేది కనుక.

19వ శతాబ్దం ద్వితీయార్ధంలో అమెరికా నుంచి దిగుమతైన ఫైలోక్సెరా అనే వేరు పురుగు ఫ్రాన్స్ తోటలను నాశనం చేసింది. అమెరికా తీగ వేరుకు ఫ్రెంచి తీగను అంటుకట్టడం ఒక్కటే గట్టి పరిష్కారమైంది. అసలు వైన్ కొరత పడిన ఆ రోజుల్లో పేరున్న ప్రతి ఊరి పేరూ నకిలీలకు ఆధారమైంది. మూలస్థానాన్ని చట్టంతో కాపాడాలన్న ఆలోచన ఆ అనుభవం లోంచే పుట్టి 1935 చట్టంగా స్థిరపడింది. దాని కిందే రెండేళ్లకు ఎర్మిటాజ్ హద్దు గీశారు. కొండ చుట్టుపక్కల నేలకు క్రోజ్ ఎర్మిటాజ్ అనే వేరే పేరు కేటాయించారు. ఆ పేరు మొదట క్రోజ్ గ్రామానికే పరిమితం కాగా, 1952లో దాన్ని 11 గ్రామాలకు విస్తరించారు. ఇప్పుడది కొండకు పదింతలకు మించిన విస్తీర్ణం. సీసా మీది పేరులో సగం ఎర్మిటాజ్ అన్న మాటే అయితే కొనేవాడు పొరబడకుండా ఎలా ఉంటాడు? చట్టం ఈ విషయంలో పొరుగువారికి కాస్త ఉదారంగానే తలుపు తీసిందనిపిస్తుంది.

సముద్రాల అవతల మరింత ఉదారత నడిచింది. ఆస్ట్రేలియాలో సిరా తీగకే ఎర్మిటాజ్ అనే పిలుపు స్థిరపడింది. అక్కడి అత్యంత ప్రసిద్ధ వైన్, 1951లో ప్రయోగంగా మొదలైన పెన్‌ఫోల్డ్స్ గ్రేంజ్, చాలా కాలం గ్రేంజ్ ఎర్మిటాజ్‌గానే అమ్ముడైంది. 1990 పంట నుంచి రెండో పదం తొలగిపోయింది. 1994లో యూరప్‌తో కుదిరిన ఒప్పందంలో ఆస్ట్రేలియా ఇటువంటి పేర్లను వదులుకోవడానికి అంగీకరించింది. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు కూడా వైన్లు, మద్యాల స్థలనామాలకు ప్రత్యేక రక్షణ ఇస్తాయి. పోచంపల్లి ఇకత్, బంగినపల్లి మామిడి వంటి సరుకులకు భౌగోళిక గుర్తింపు ఉన్నా, అంతర్జాతీయంగా ఆ పైస్థాయి రక్షణ లేదు. దాన్ని అన్ని సరుకులకూ వర్తింపజేయాలని కోరుతున్న దేశాల్లో భారత్ ఒకటి.

బయటి హద్దు తేలాక, లోపలి హద్దుల సంగతి ముందుకొచ్చింది. కొండలో అధిక భాగం షాపూతియే, జాబూలే, షావ్ సంస్థలు, 1933లో ఏర్పడిన టాన్ సహకార సంఘం చేతుల్లో ఉంది. బెస్సార్ బిగువుకు మెయాల్ మెత్తదనం తోడైతేనే ఎర్మిటాజ్ అవుతుందన్నది పాత పద్ధతి. షావ్ కుటుంబం దానికే కట్టుబడి ఉంది. కొండ మీది చిన్న ప్రార్థనామందిరం పేరు పెట్టుకున్న జాబూలే వారి లా షాపెల్ సైతం ఒక్క మడి వైన్ కాదు, అనేక భాగాల మేళవింపు. షాపూతియే సంస్థ మాత్రం 1989లో పావియోఁ అనే వైన్‌తో మొదలుపెట్టి ఒక్కో భాగాన్ని విడిగా సీసాకెక్కించే దారి పట్టింది. ఫ్రాన్స్‌లోనే మరో వైన్ ప్రాంతమైన బర్గండీలో ప్రతి మడికీ అధికారిక హోదా ఉన్నట్టు ఇక్కడ లేదు. లేబుల్ మీద భాగం పేరు వేసుకోవచ్చు గానీ, చట్టం దృష్టిలో కొండ అడుగున పండిన ద్రాక్షకూ బెస్సార్ గ్రానైట్ మీద పండిన ద్రాక్షకూ దక్కేది ఒకే ఎర్మిటాజ్ పేరు.